షాడో టీచర్ని పెట్టుకుంటేనే బడికి పంపండి అంటా ఉండారు (తిరుపతి, 2వ తరగతి)

చిన్నోడి_అమ్మ, తిరుపతి | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ గమ్మున చదివి పోతా ఉండేదాన్ని, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోవద్దండి.

మా చిన్నోడికి ఏడేళ్ళు. ఊర్లోనే ప్రైవేటు బడిలో రెండో క్లాసు. మూడున్నరేళ్ళప్పుడు వేలూరు తీసుకుపోతే ఆటిజం అని చెప్పినారు. మాటలు వచ్చినాయి గానీ సొంతంగా నాలుగు మాటలు కలిపేది తక్కువ, విన్నదే మళ్ళీ అంటాడు. చదవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. బస్టాండు దగ్గర నిలబెడితే పాకాల, పీలేరు, మదనపల్లె, కాణిపాకం అని బోర్డులన్నీ చదువుకుంటా గంటసేపు ఉంటాడు. ఒకరోజు పాకాల బోర్డు పెట్టుకున్న బస్సు డిపోలోకి పోయిందని ఇల్లు చేరేదాకా ఒకటే ఏడుపు.

ఒకటో క్లాసు బాగానే జరిగింది. ఈ ఏడు దసరా సెలవులు అయిపోయినాక మొదలైంది. క్లాసు మధ్యలో లేచి అరుస్తాడంట, గేటు వైపు ఒకటే పరుగంట. రెండుసార్లు పక్క పిల్లోణ్ణి తోసినాడు, ఒకసారి మేడం చెయ్యి గీరినాడు, అది నేనే చూసినాను, పాపం ఆమె మోచెయ్యి కింద మూడు గీతలు. శుక్రవారం ప్రిన్సిపాల్ మేడం పిలిచి చెప్పేసింది, మీ ఖర్చుతో షాడో టీచర్ని, అంటే క్లాసులో వాడి పక్కనే కూర్చుని చూసుకునే మనిషిని, పెట్టుకోండి, లేదా మధ్యాన్నం అన్నం టైముకి ఇంటికి తీసుకుపోండి, రెండూ కాదంటే వచ్చే ఏడాది సీటు గురించి మేమే ఆలోచించాల్సి వస్తుంది అని. విచారిస్తే ఒకామె నెలకి 15,000 అడిగింది. మా ఆయనది చిన్న అంగడి. ఫీజు, స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే థెరపీ) ఇవన్నీ కట్టినాక ఇంగ అంత యాడ నుంచి తెచ్చేది.

వాళ్ళు అట్లా అనొచ్చా? గవర్నమెంటు బడికి మారిస్తే మేలా? షాడో పెట్టినోళ్ళు ఎవరైనా ఉంటే ఉండేది ఉన్నట్టు చెప్పండి.

---

చిత్తూరు_నాన్న | ఆదివారం రాత్రి 10:50

చెల్లెమ్మా, మావాడికి ఇప్పుడు పదకొండు, అయిదో క్లాసు. రెండేళ్ళు షాడో ఆంటీని పెట్టినాము, అప్పు చేసి. ఆమె మంచి మనిషే, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ జరిగింది ఏందంటే బోర్డు మీదది ఆమే రాసిచ్చేది, పెన్సిలు ఆమే చెక్కేది, ఒంటికి పోవాలని వాడు లేచే లోపలే ఆమే తీసుకుపోయేది. టీచరు ఏం చెప్పాలన్నా ఆంటీకే చెప్పేది, వాడితో మాట్లాడేదే లేదు. తర్వాత ఆంటీ వాళ్ళ ఇంట్లో పెళ్ళని పది రోజులు రాలేదు. మావాడు ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తా కూర్చున్నాడు, నీళ్ళ బాటిలు మూత కూడా తీసుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చినాక చూస్తే బాటిలు నిండుగా ఉండాది, పెదాలు ఎండిపోయి ఉండాయి. మూత తీయడం వాడికి రాక కాదు, ఇంట్లో తీస్తాడు. బడిలో మాత్రం అది ఆంటీ పని అని వాడి లెక్క.

ఆ రోజు నుంచి ఆంటీ కుర్చీని మెల్లిగా వెనక్కి జరిపినాము. మొదట వెనక బెంచీ, తర్వాత రోజుకి రెండు పీరియడ్లు, తర్వాత అసలు లేదు. సంవత్సరం పట్టింది. కొంతమంది పిల్లలకు మనిషి కావాల, కాదనను. కానీ అందరికీ ఇదే మందు మాదిరి స్కూళ్ళు రాసిచ్చేస్తా ఉండాయి.

---

ఇద్దరాడపిల్లల_నాన్న, తిరుపతి | సోమవారం ఉదయం 7:31

నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, అయినా చెప్తాను. మా పెద్దపాప క్లాసులో ఇట్లాంటి బాబు ఉండేవాడు. పాప భుజం మీద కొరికినాడు, నాలుగు రోజులు గుర్తు పోలేదు. 42 మంది పిల్లలకు ఒక్క టీచరు, ఆమె ఆ ఒక్కడి వెనకాలే పరిగెత్తితే మిగతా 41 మంది సంగతి ఏంది? మేము కూడా ఫీజు కట్టేవాళ్ళమే కదా. స్పెషల్ స్కూళ్ళు ఉండాయి కదా, ఆడ ట్రైనింగు ఉన్నోళ్ళు ఉంటారు.

---

ముగ్గురి_జేజి | సోమవారం ఉదయం 8:05

నాయనా, నీ బిడ్డకి దెబ్బ తగిలితే నీకు కడుపు రగిలేది న్యాయమే. కానీ ఆ అబ్బాయి తల్లి కూడా ఈడనే ఉండాది, చదువుతా ఉండాది.

అమ్మాయీ, ఎందుకైనా మంచిది ఒకసారి తలకోన పక్కన ఒకాయన తాయెత్తు

---

ముగ్గురి_జేజి | సోమవారం ఉదయం 8:06

మనవరాలు ఫోను లాగేసింది. తాయెత్తు వద్దంట. సరే.

---

మోడరేటర్ | సోమవారం ఉదయం 9:00

బడి పేరు రాయొద్దు, ఎవరూ అడగొద్దు. పిల్లల ఫోటోలు వద్దు. తాయెత్తులు, ఆవు పాలు మాన్పించే డైట్లు, స్టెమ్ సెల్ ప్యాకేజీలు ఇక్కడ ప్రచారం చేస్తే తీసేస్తాం. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పనికిరాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది, ఇంకా లక్షలు పోసుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి మళ్ళీ రాస్తున్నా.

---

రిసోర్స్_టీచర్_13 | సోమవారం మధ్యాహ్నం 1:40

అమ్మా, నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్ని, పదమూడేళ్ళుగా మామూలు బడుల్లోనే తిరుగుతున్నా. షాడో కావాలా వద్దా అనేది తర్వాత చూద్దాం. నాకు ముందు కావాల్సినవి మూడే. ఎన్ని గంటలకి జరుగుతోంది, దానికి ముందు నిమిషంలో ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దొరికింది. మీరు రాసిన దాంట్లో ఇవి లేవండి. మీ తప్పు కాదు, బడివాళ్ళు మీకు చెప్పి ఉండరు, వాళ్ళకీ తెలిసి ఉండదు. "ఊరికే, ఉన్నట్టుండి" అనే మాట ఈ పదమూడేళ్ళలో వెయ్యి సార్లు విన్నా, ఉన్నట్టుండి జరిగింది మాత్రం చాలా తక్కువ.

క్లాసు టీచరుకి ఒక చిన్న నోటు పుస్తకం ఇవ్వండి, మూడు గడులు గీసి. ఆరు పనిదినాలు రాయమనండి. ఏమీ జరగని రోజు కూడా "ఏమీ లేదు" అని రాయాలి, అదే అసలు ముఖ్యం. ఆవిడ 40 మందితో ఉంటుంది కాబట్టి పెద్ద పెద్ద వాక్యాలు అడక్కండి, టైము, రెండు ముక్కలు చాలు. అడిగేటప్పుడు "మీ చెయ్యి ఎలా ఉంది మేడం" అని మొదలుపెట్టండి, దెబ్బ తిన్నది ఆవిడ కదా.

ఇంకోటి, ఇది మంకుపట్టు కాదు. మంకుపట్టులో పిల్లాడు ఓరగా మన మొహం చూస్తాడు, ఇస్తారా లేదా అని, ఇస్తే ఆగిపోతాడు. మెల్ట్‌డౌన్‌లో, అంటే తట్టుకోలేక కంట్రోలు తప్పినప్పుడు, అడిగింది చేతిలో పెట్టినా వెంటనే ఆగలేడు, మోటారు ఆపినా ఫ్యాను కొంచెంసేపు తిరిగినట్టు. ఆ టైములో పాఠాలు చెప్పడం, సారీ చెప్పమని నిలబెట్టడం దండగ.

---

కొర్లగుంట_కుర్రోడు | సోమవారం మధ్యాహ్నం 2:15

సౌండ్ అయ్యుంటాది అక్కా. మా అక్క కొడుకు మిక్సీ వేస్తే చాలు చెవులు మూసుకుని మంచం కిందికి పోతాడు. చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, అవి కొనేయండి.

---

చిత్తూరు_నాన్న | సోమవారం మధ్యాహ్నం 2:40

మావాడు మిక్సీకి ఏడుస్తాడు, గంగమ్మ జాతర డప్పులకు మాత్రం ముందుండి ఎగురుతాడు తమ్ముడూ. సౌండ్ అంటే అన్ని సౌండ్లూ ఒకటి కాదు. మేడం చెప్పినట్టు రాస్తేనే తెలుస్తాది.

---

వకీలు_కాదు | సోమవారం రాత్రి 8:20

చట్టం గురించి అడిగారు కాబట్టి. నేను లాయర్ని కాదు, మా పాప కోసం చదవాల్సి వచ్చి చదివినవాణ్ణి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం అందులో ఒకటి. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడైనా, ప్రైవేటుదైనా సరే, వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ పిల్లాడికి తగ్గ సర్దుబాట్లు చేయాలి, అవసరమైన సహాయం ఇవ్వాలి. విద్యాహక్కు చట్టం 2009లో కూడా 16వ సెక్షనే, ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లాణ్ణీ బడి నుంచి తీసేయడానికి లేదు. కాబట్టి "సీటు గురించి ఆలోచిస్తాం" అనేది బెదిరింపే తప్ప ఇంకోటి కాదు. మరీ మొండికేస్తే విద్యాశాఖకి, దివ్యాంగుల కమిషనర్‌కి రాసివ్వచ్చు.

ఇంకొకటి. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పెషల్ టీచర్ల గురించి తీర్పిచ్చాక 2022లో కేంద్రం నిష్పత్తి ఖరారు చేసింది, ఇలాంటి పిల్లలు ప్రైమరీలో 10 మందికి ఒక స్పెషల్ టీచరు, పైతరగతుల్లో 15 మందికి ఒకరు. మన రాష్ట్రం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. అంటే ఒక్కో పిల్లాడి పక్కన ఒక్కో మనిషి అని చట్టం కూడా అనుకోలేదు, బడిలో ఒక నిపుణుడు ఉండాలి అనుకుంది. తల్లిదండ్రుల జేబులోంచి అని ఎక్కడా లేదు.

ఆ ఇద్దరాడపిల్లల నాన్న గారికి: మీ పాపకి రక్షణ కూడా బడి బాధ్యతే. అది ఇంకో పిల్లాణ్ణి బయటికి పంపి చేయమని ఎక్కడా రాయలేదు.

---

చిన్నోడి_అమ్మ | సోమవారం రాత్రి 9:55

అందరికీ థాంక్స్ అండి. చట్టం కాగితం పట్టుకుని పోవాలంటే భయంగా ఉండాది, రేపు వాణ్ణి ఆడనే కదా వదిలి రావాల్సింది, మనం గొడవ పడి వస్తే వాడి మీద చూపిస్తారేమో అని. ముందు నోటు పుస్తకం ఇస్తాను.

---

వకీలు_కాదు | సోమవారం రాత్రి 10:02

అర్థమైంది. నేను కూడా ఆ కాగితం ఒక్కసారే బయటికి తీశాను, నాలుగేళ్ళలో. జేబులో ఉందని వాళ్ళకి తెలిస్తే చాలు.

---

పలమనేరు_పంతులు | మంగళవారం రాత్రి 9:15

గవర్నమెంటు బడి సంగతి అడిగినారు కదా తల్లీ, నేను ఎస్‌జీటీని, అంటే ప్రైమరీ టీచర్ని, ఉండేది ఉన్నట్టు చెప్తా. మాది అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు, దాంట్లో ఒకరు ట్రైనింగులకీ యాప్‌లకీ పోతే మిగిలేది ఒక్కడు. మండలానికి ఇట్లాంటి పిల్లల కోసం ఒక భవిత కేంద్రం ఉంటాది, సమగ్ర శిక్షా అనే గవర్నమెంటు పథకం వాళ్ళది, ఐఈఆర్‌పీ మేడమ్‌లు (ఈ పిల్లలకు చెప్పే స్పెషల్ టీచర్లు) ఉంటారు, ఫిజియోథెరపీ ఆడ జరుగుతాది, కదలలేని పిల్లల ఇంటికే పోతారు. మంచిగా పనిచేస్తారు, కానీ ఒక్కొక్కరికి బోలెడు ఊళ్ళు. మా బడికి మేడం వచ్చేది వారంలో ఒక పూట. ఆటో ఖర్చుకీ, తోడు వచ్చేదానికీ అలవెన్సులు ఉండాయి, ఆడపిల్లలకు నెలకి 200 స్టైపెండు, పది నెలలు. మీదికి చూస్తే చిన్న డబ్బే, మా ఊర్లో అది కూడా అడిగేవాళ్ళు లేరు.

మా దగ్గర మూడో తరగతిలో ఒకడుండాడు. మాటలు లేవు. వచ్చిన కొత్తలో మధ్యాన్నం ప్లేటు ఎత్తి గోడకేసి కొట్టేవాడు, రోజూ కాదు, గుడ్డు పెట్టే రోజుల్లో. గుడ్డు తినడు అనుకున్నాము. ఐఈఆర్‌పీ మేడం వచ్చిన పూట అన్నం దగ్గర కూర్చుని చూసింది. ఆయమ్మ గుడ్డుని సాంబారన్నం మీద పెడతాది, పసుపు సాంబారు తెల్ల గుడ్డుకి అంటుకుంటాది, అది వాడికి పడదు. అంతే. ఆయమ్మ ఇప్పుడు గుడ్డు వాడి ఎడం చేతిలో పెడతాది, ముందు అది తినేసి తర్వాత ప్లేటు పట్టుకుంటాడు. దీనికి ఏ ఫండూ కాలేదు. కానీ చూసే కన్ను కావల్సొచ్చింది, నేను ఏడు నెలలు అదే వరండాలో నిలబడి చూడలేకపోయినాను, ఒప్పుకుంటా ఉండాను.

కాబట్టి మార్చాలా వద్దా అంటే, మా దగ్గర పిల్లలు తక్కువ, అరుపులు తక్కువ, ఫీజు లేదు. మీవాడు చదవగలడు, ఒకటో క్లాసు దాటినాడు, ఆ బడి గేటు వాడికి తెలుసు. నేనైతే ఆర్నెల్లు ఆడనే ప్రయత్నం చేస్తా.

---

రిసోర్స్_టీచర్_13 | మంగళవారం రాత్రి 9:48

పంతులు గారూ, ఏడు నెలలు అని ఒప్పుకున్నందుకు దండం. చాలామంది ఒప్పుకోరు.

---

చిన్నోడి_అమ్మ | బుధవారం రాత్రి 9:30 (తర్వాతి వారం)

నోటు పుస్తకం వచ్చింది. మేడం నిజంగానే రాసింది, నేను చెయ్యి గురించి అడిగితే కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది, ఎవరూ అడగలేదంట. ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తా ఉండా.

బుధ: ఏమీ లేదు.
గురు: ఏమీ లేదు. తెలుగు పీరియడ్లో పక్కోడి పుస్తకం కూడా చదివాడు.
శుక్ర: 11:30. లెక్కల పుస్తకం తీయమన్నాను. అరిచాడు. గేటు. ఆయా పట్టుకొచ్చింది. 20 నిమిషాలు.
శని: ఏమీ లేదు.
సోమ: ఏమీ లేదు.
మంగళ: 11:30. లెక్కలు. "గ్రౌండ్ గ్రౌండ్" అన్నాడు, బెంచీ తోశాడు. గేటు.

లెక్కలంటే భయం అయ్యుంటాదా? కానీ ఇంట్లో ఎక్కాలు పాట మాదిరి చెప్తాడు.

---

కొర్లగుంట_కుర్రోడు | బుధవారం రాత్రి 9:41

11:30కి పక్కన ఏదన్నా మోటారు గానీ జనరేటరు గానీ వేస్తారేమో చూడండక్కా. లేదా ఆకలేమో.

---

రిసోర్స్_టీచర్_13 | బుధవారం రాత్రి 10:05

ఆకలైతే రోజూ ఉండాలి. లెక్కలు మిగతా రోజుల్లో ఎన్నింటికి?

---

చిన్నోడి_అమ్మ | బుధవారం రాత్రి 10:11

రోజూ 9:30కి ఉంటాది మేడం. అప్పుడు ఏమీ చేయడంట. మంగళ, శుక్రవారాలు మాత్రం రెండోసారి 11:30కి.

---

రిసోర్స్_టీచర్_13 | బుధవారం రాత్రి 10:13

గోడ మీద టైంటేబుల్ అంటించి ఉంటుందా? దాంట్లో మంగళ, శుక్ర 11:30కి ఏం రాసుంది?

---

చిన్నోడి_అమ్మ | గురువారం ఉదయం 9:20

ఇప్పుడే వాణ్ణి దింపుతా లోపలికి పోయి చూసినాను.

గేమ్స్ అని రాసుండాది.

పీటీ సారు దసరా ముందు మానేసినాడంట, కొత్తాయన్ని ఇంకా తీసుకోలేదు, సిలబస్ వెనకబడిందని ఆ రెండు పీరియడ్లు లెక్కలకి ఇచ్చేసినారంట. పిల్లలకి నోటితో చెప్పినారు. గోడ మీద మార్చలేదు. వాడు కూర్చునేది ఆ చార్టుకి ఎదురుగానే, రెండో బెంచీ.

---

చిత్తూరు_నాన్న | గురువారం ఉదయం 9:34

పాకాల బోర్డు పెట్టుకుని డిపోలోకి పోయిన బస్సు.

---

చిన్నోడి_అమ్మ | గురువారం ఉదయం 9:36

అవునన్నా. నేను గేటు దగ్గర నిలబడి ఏడుస్తా ఉండాను, వాచ్‌మన్ ఏమైందమ్మా అంటా ఉండాడు.

---

రిసోర్స్_టీచర్_13 | గురువారం మధ్యాహ్నం 1:25

మంచి వార్తే, కానీ నెమ్మదిగా పోవాలండి. గోడ మీద గేమ్స్ అని రాసి ఉంది, 11:30 అయింది, అందరూ తప్పు చేస్తున్నారు, వాడొక్కడే సరిగ్గా గ్రౌండుకి పోతున్నాడు, గేటు అటువైపే కదా. వాడి లెక్క ప్రకారం వాణ్ణి ఆపినవాళ్ళది తప్పు. అందుకే తోశాడు. అయినా కొట్టడం, తోయడం అనేదాన్ని అలా వదిలేయకూడదు, "మేడం, మారిందా?" అని అడగడం నేర్పాలి, ఆ మాట రాసిన కార్డు చూపించినా సరే.

రేపు శుక్రవారం. పొద్దున బడి మొదలవకముందే, వాడు చూస్తుండగా, మేడం ఆ గడి మీద తెల్ల కాగితం అంటించి లెక్కలు అని రాయాలి. వాడి డెస్కు మీద ఆ రోజుకి మాత్రమే ఒక చిన్న పట్టీ, వరసగా పీరియడ్లు, అయిపోయినదాన్ని వాడే కొట్టేసుకోవాలి. 11:25కి ఒకసారి పట్టీ వేలితో చూపించి "ఇప్పుడు లెక్కలు, తర్వాత అన్నం" అంటే చాలు. వాడు కదలకుండా కూర్చోవడం మన టార్గెట్ కాదు, కాబట్టి లెక్కలకి ముందు నోటు పుస్తకాల కట్ట ఆఫీసు రూముకి మోసుకెళ్ళే పని ఇవ్వండి, కాళ్ళకి కూడా ఏదో ఒకటి దొరకాలి.

రేపు ఒక్కరోజులో తగ్గదు. పాత అలవాటు ఉంటుంది. తగ్గకపోతే ఓహో ఇది కాదన్నమాట అని వదిలేయకండి.

---

ఇద్దరాడపిల్లల_నాన్న | గురువారం రాత్రి 8:50

నేను ఆ రోజు రాసింది నేనే చదువుకున్నాను. కొరికినది కొరికినదే, దాన్ని నేను మార్చుకోను. కానీ ఇది చదివినాక మా చిన్నదాన్ని అడిగినాను, మీకు గేమ్స్ ఉంటాయా అని. నెలరోజుల్నుంచి లేవంట, సైన్స్ చెప్తా ఉండారంట. ఏమే నాకు చెప్పలేదు అంటే, చెప్తే ఏం చేస్తావు నాన్నా అనింది. మా పిల్లలు గమ్మున కూర్చున్నారు, ఆ బాబు కూర్చోలేదు.

---

ముగ్గురి_జేజి | గురువారం రాత్రి 9:02

బాగా చెప్పినావు నాయనా.

---

చిన్నోడి_అమ్మ | శనివారం సాయంత్రం 6:15

నిన్న జరిగింది రాస్తా ఉండా. కాగితం అంటించినారు. వాడు దగ్గరికి పోయి గోటితో కాగితం మూల ఎత్తి కింద గేమ్స్ ఉండాదా లేదా అని చూసినాడంట, మళ్ళీ అంటించినాడంట. 11:30కి లేచినాడు. అరిచినాడు కూడా. కానీ గేటు దాకా పోలేదు, తలుపు దగ్గర ఆగి చార్టు వైపు చూసినాడు, మేడం పట్టీ చూపించింది, వెనక్కొచ్చి నేల మీద కూర్చున్నాడు. ఎవరినీ తోయలేదు. ఆరేడు నిమిషాలు. మేడం నాకు ఫోను చేసి మరీ చెప్పింది.

ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి మా ఆయనా నేనూ పోయినాము. చట్టం గురించి ఒక్క మాటే అన్నాము, గట్టిగా కాదు. షాడో మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేదు, జనవరి దాకా చూద్దాం అనింది. అయితే వారానికి ఒక రోజు రెండు గంటలు స్పెషల్ ఎడ్యుకేటర్ వచ్చి క్లాసులో కూర్చుని మేడమ్‌కి చెప్పేదానికి ఒప్పుకుంది. ఖర్చు సగం బడి, సగం మేము. పూర్తిగా వాళ్ళే పెట్టుకోవాలని తెలుసు వకీలు అన్నా, ఇప్పటికి ఇంతవరకే సాధ్యమైంది.

---

వకీలు_కాదు | శనివారం సాయంత్రం 7:00

జనవరి అన్నది కాగితం మీద పెట్టించుకోండి, ఈమెయిల్ అయినా సరే. నోటి మాట మీద ఎవరూ నిలబడరు. మీవాడికున్న జాగ్రత్త మనక్కూడా కావాలి.

---

రిసోర్స్_టీచర్_13 | శనివారం సాయంత్రం 7:22

మూల ఎత్తి చూశాడు చూశారా, అది నాకు చాలా నచ్చింది. ఇకపై కాగితం అంటించకుండా చార్టే కొత్తది రాయమనండి.

వచ్చే ఆవిడకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, నంబరు ఉంటుంది, మొహమాటపడొద్దు. షాడో అని వచ్చేవాళ్ళలో చాలామందికి ఏ ట్రైనింగూ ఉండదు, ఇంటర్ చదివి ఊరికే ఉన్న అమ్మాయిని కూర్చోబెడతారు. వచ్చినావిడ మొదటి రోజే మీవాడి పక్కన కూర్చుంటే వద్దనండి. వెనక కూర్చుని మొత్తం క్లాసుని చూడాలి. మూణ్ణెల్లకి రెండో మూడో లక్ష్యాలు రాసిన ఐఈపీ (వాడి ఒక్కడి కోసం రాసుకునే చదువు ప్లాను) ఒకటి మీరూ మేడమూ కలిసి కూర్చుని రాసుకోండి, "మెరుగుపడతాడు" లాంటివి కాకుండా "మార్పు ఉన్నప్పుడు కార్డు చూపించి అడుగుతాడు, అయిదుసార్లలో మూడుసార్లు" అనేలాగా.

ఇంతకీ వైకల్య సర్టిఫికెట్ ఉందా?

---

చిన్నోడి_అమ్మ | శనివారం రాత్రి 9:10

లేదు మేడం. మా అత్తమ్మ ఒప్పుకోలేదు. చదివే పిల్లోడికి పర్సెంటేజీ వేయిస్తారా, రేపు పెళ్ళికి అడ్డం రాదా అంటాది.

---

ముగ్గురి_జేజి | శనివారం రాత్రి 9:25

ఏడేళ్ళ పిల్లోడికి పెళ్ళి యాడిదే? మీ అత్తని నాకు ఫోను చేయమను.

---

చిత్తూరు_నాన్న | శనివారం రాత్రి 9:40

తీసుకో చెల్లెమ్మా, లేటు చేయొద్దు. సచివాలయంలో సదరం (ఆ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష) స్లాటు బుక్ చేయించుకోవాల. ఆ రోజు ఆస్పత్రిలో ఐసా అని 40 ప్రశ్నల స్కేలు మీద చూస్తారు, మొత్తం 70 గానీ ఆపైన గానీ వస్తే ఆటిజం కింద లెక్క, 106 దాకా మైల్డు, 153 దాకా మోడరేటు, ఆపైన సివియర్. వేలూరు రిపోర్టులు, బడి టీచరు రాసిన ఆ నోటు పుస్తకం జిరాక్సు కూడా పట్టుకుపో, వాడు డాక్టరు ముందు పది నిమిషాలు బోర్డులన్నీ చదివేస్తే ఏమీ లేదని రాసేస్తారు, మావాడికి మొదటిసారి అదే జరిగింది. 40 శాతం వస్తే నెలకి 6,000 పింఛను వస్తాది, మీ రేషన్ కార్డు సంగతి చూసుకోవాల. నేషనల్ ట్రస్టు అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్సు ఉండాది, సంవత్సరానికి లక్ష దాకా, థెరపీ బిల్లులు కూడా దాంట్లో పెట్టుకోవచ్చు. ఇన్‌కం టాక్స్ పాత పద్ధతిలో కట్టేవాళ్ళకి ఇట్లాంటి పిల్లల ఖర్చు కింద ఆదాయంలో 75,000 తగ్గింపు.

క్యూ పొడుగ్గా ఉంటాది, వాడికి అదొక నరకం. ఇద్దరు పోండి, ఒకరు క్యూలో, ఒకరు వాడితో బయట.

---

పలమనేరు_పంతులు | ఆదివారం ఉదయం 7:10

బయట అంటే బస్టాండు వైపు తీసుకుపోవద్దు తల్లీ, పేరు పిలిచేటప్పటికి వెనక్కి రాడు.

---

చిన్నోడి_అమ్మ | బుధవారం రాత్రి 9:05

చార్టు కొత్తది రాసినారు. మంగళవారం కేక లేదు. కుర్చీలోనే ముందుకీ వెనక్కీ ఊగినాడంట, చెవులు మూసుకున్నాడంట, అయినా లెక్కలు నాలుగు చేసినాడు, నాలుగూ రైటే.

ఇంకో తంటా వచ్చింది. మా ఇంట్లో క్యాలెండరు నవంబరు దగ్గరే ఉండాది, నెల మారినా ఎవరూ చింపలేదు. పొద్దున ఆరింటికి దాని ముందు నిలబడి మా అత్తమ్మని పిలిచి చూపించినాడు. అరవలేదు. "మారిందా?" అన్నాడు. బడిలో కార్డు మీద రాసుండే మాట అది.

సదరం స్లాటు శుక్రవారం దొరికింది. శుక్రవారం బడి ఎగ్గొడితే ఆ పట్టీ సంగతేం చేయాలి మేడం? గురువారమే చూపించి చెప్పాలా, ఆ రోజు పొద్దున చెప్తే చాలా?

---

రిసోర్స్_టీచర్_13 | బుధవారం రాత్రి 9:31

గురువారం బడిలోనే మేడం చేత రాయించండి, "శుక్రవారం – ఆస్పత్రి, తర్వాత ఇల్లు" అని. తేదీ వేయించండి. మధ్యాహ్నం దాటొచ్చు కాబట్టి టైములు మాత్రం వేయొద్దు.